రంగు వేయని పత్తికాయ

ఒక బొమ్మ ఎంత బరువుంటుంది? మందపాటి కాగితం, దాని మీద నీళ్ల రంగులు, వెనక అట్ట, ముందు అద్దం. ఒక చేత్తో తీసి ఇంకో మేకుకు తగిలించవచ్చు. నేను దాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. దించాలనుకున్న ప్రతిసారీ దించే చోటు కనపడలేదు.

దీనికి నా పేరు పెట్టడం లేదు. ఆదోని పాతబజారు తెలిసినవాళ్లు ఎలాగూ గుర్తుపడతారు. తెలియనివాళ్లకు నా పేరుతో పని లేదు. ఒక దినపత్రికకు చాలాకాలం ఆదోని విలేకరిగా పనిచేశాను. ఊళ్లో ఎవరి తప్పు బయటపడినా ఉదయానికి అచ్చులో ఉండేది. నా తప్పును మాత్రం పడకగదిలో, తలుపు వెనక, గోడకు తగిలించుకున్నాను. తలుపు తెరిచి ఉంటే బొమ్మ దాని చాటుకు పోతుంది. వేస్తేనే కనిపిస్తుంది. ఆ చోటు వెతికి మరీ మేకు కొట్టాను. తెలియక చేశానని ఎట్లా చెప్పుకోను?

మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నానేమో. చెప్పవలసిన మనిషి వేరే ఉన్నాడు. ఆయన ఇంటికి పోయి, ఆయన ఎదురుగా కూర్చుని, టీ తాగి, చెప్పకుండా తిరిగొచ్చాను. ఆ సంగతికీ వస్తాను. ముందు బొమ్మ.

పాతబజారులో ఒక సరాయి ఉంది. పత్తి వ్యాపారులు కట్టించింది. పల్లెల నుంచి బండ్ల మీద పత్తి తెచ్చిన రైతులు అందులో దిగేవారట. ఇప్పుడు ముందు గదులన్నీ అంగళ్లు, లోపలివి గోదాములు. దాని గేటు మీద కమాను, కమాను నిండా సున్నపు గచ్చుతో చేసిన పూలపని. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. చూడటమంటే, దాని కింది నుంచి నడవడం. ఏటేటా కొట్టిన సున్నం పొర మీద పొర పేరుకుని, పూలన్నీ పిండి ముద్దల్లా తయారయ్యాయి. ఏ పువ్వో, ఏ ఆకో ఎవరికీ పట్టలేదు. నాకూ పట్టలేదు. వార్త కానిదాన్ని తలెత్తి చూసే అలవాటు మా వృత్తిలో తక్కువ.

యెమ్మిగనూరులో దస్తగిరి అని ఒక మనిషి. మగ్గాల వాళ్లకు దుప్పటి అంచుల డిజైన్లు గళ్ల కాగితం మీద గీసిచ్చేవాడు. ఆ పని లేనప్పుడు అంగళ్లకు బోర్డులు రాసేవాడు. ఆయన అత్తగారి ఊరు ఆదోని. మనిషి ఉన్న చోట మౌనం ఉండేది కాదు. తన గొప్ప తానే చెప్పుకునేవాడు. “యెమ్మిగనూరు దుప్పటి కప్పుకున్నోడు నా బొమ్మ కప్పుకున్నట్లే సార్, ఎవురికీ తెలీదు అంతే” అనేవాడు. నాకు ఆ మాటలు విసుగు. ఈ విసుగును గుర్తుపెట్టుకోండి. తర్వాత జరిగినదాంట్లో దాని వాటా దానికుంది.

ఒక ఏడు సరాయికి సున్నం కొట్టించడానికి గేటు ముందు ఎక్కి నిలబడటానికి కట్టెలతో సారువ కట్టారు. దస్తగిరి ఆ కట్టెల మీదికి ఎక్కి కూర్చున్నాడు. సున్నం కొట్టేవాళ్లకు బీడీలిచ్చి బతిమాలి, వాళ్లు కమాను జోలికి రాకముందే వెదురుబద్దతో పాత పొరలు గీరాడు. కొన్ని పొద్దులు అక్కడే కూర్చుని, ఉన్నదాన్ని ఉన్నట్టు రంగుల్లో దించాడు. ఆయన దిగగానే కమాను మీద మళ్లీ సున్నం పడింది. ఆ బొమ్మను తీసుకొచ్చి నా ముందు పెట్టాడు.

“సార్, కూసోని సూడండి. నిలబడి సూస్తే పడిపోతారు.”

నేను నిలబడే చూశాను. చూస్తూ ఉండగానే కూర్చున్నాను.

ఆ బొమ్మ గురించి ఇప్పుడు నిజంగా రాయాలి. అప్పుడు రాసింది సగం పొగడ్త, సగం అలవాటు. ఇన్నేళ్లు దాన్ని చూసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, చూసింది చెప్పే పని కూడా నా మీదే ఉంది.

కాగితం మీద కమాను పైభాగం. ఎడమవైపు పూర్తిగా రంగులు. కుడివైపు ఉత్త పెన్సిలు గీతలు. ఒక పక్క ఎట్లా ఉందో రెండో పక్క అట్లాగే ఉన్నప్పుడు రెండుసార్లు వేయడం పనిలేనివాడి పని అన్నాడు. కానీ ఆ సగం గీతలే నన్ను పట్టుకున్నాయి. కన్ను రంగులున్న తీగ వెంట పోయి, నడిమికొచ్చి, అవతలికి దాటగానే రంగు ఆగిపోతుంది. అక్కడి నుంచి మనమే వేసుకోవాలి. రోజూ వేసుకునేవాణ్ణి. ఒక్కో రోజు ఒక్కో రంగు పడేది.

తీగ లావుగా మొదలై, పోనుపోను సన్నబడి, చివర చిటికెన వేలిలా వంకర తిరిగి ఆగుతుంది. ఆకులు అరచేతుల్లా విడివడి ఉంటాయి. వాటి కింది నీడను నలుపుతో వేయలేదు. నీలిమందు కలిపిన సున్నం నీడలో ఏ రంగుకు తిరుగుతుందో ఆ రంగు వేశాడు. నీలం కాదు, బూడిద కాదు. వెదురుబద్ద గీరిన చోట లోపలి పొరలు అంచులు అంచులుగా కనిపిస్తాయి. పసుపుపచ్చ సున్నం, దాని కింద పాచిపట్టిన తెలుపు, అన్నిటికంటే అడుగున ఇటుక ఎరుపు. కాగితం అంచున కుంచె సరిచూసుకున్న మరకలు. రంగు కుదరక మళ్లీ కలుపుకున్న గుర్తులు. వాటిని కూడా చెరపలేదు. బొమ్మలో ఎండ ఎడమ నుంచి పడుతుంది. అది పొద్దుటి ఎండ. ఎండ తిరగగానే పని ఆపేసి దిగేవాడట. మరుసటి పొద్దున అదే ఎండకు మళ్లీ ఎక్కేవాడు.

నడిమధ్య, కమాను శిఖరంలో, పగిలిన పత్తికాయ. పలుకులు విడిపోయి, దూది బయటికి పొంగుతూ. కాయ కింద అంచులు రంపపు పళ్లలా కోసినట్టుండే ఆకులు. పత్తిచేను చూసిన ఎవరైనా చెప్పగలరు. సరాయి కట్టించిన వ్యాపారులు తమకు అన్నం పెట్టిన పంటను గుమ్మం నెత్తిన పెట్టుకున్నారు. మేం తరతరాలుగా దానికి సున్నం పూశాం.

“తెల్లరంగు బాగా పెట్టినావప్పా” అన్నాను.

“యాడ పెట్టినా సార్? తెలుపు ముట్టనే లేదు. సుట్టూ నీడ ఏసుకుంటా వచ్చి ఆ సోటు వొదిలేసినా. అది వొట్టి కాయితం.”

మళ్లీ చూశాను. నిజమే. పత్తి ఉన్న చోట ఏమీ లేదు. చుట్టూ ఉన్నవన్నీ కలిసి దాన్ని పత్తి చేశాయి.

జిల్లా పేజీకి ఒక వ్యాసం రాశాను. బొమ్మను దాంతోపాటు కర్నూలు డెస్కుకు పంపాలి. ఆ రోజుల్లో మా వార్తలు బస్సులో పోయేవి. కవరు మీద ‘న్యూస్’ అని రాసి కర్నూలు బస్సు డ్రైవరుకు ఇస్తే, అక్కడి బస్టాండులో ఆఫీసు మనిషి తీసుకునేవాడు. ఫొటోలు పోయేవి, తిరిగొచ్చేవి కావు. పెళ్లి ఫొటోలు, చనిపోయినవాళ్ల ఫొటోలు, పతకాలు అందుకుంటున్న ఫొటోలు. ఇచ్చినవాళ్లు కొన్నాళ్లు అడిగి మానుకునేవారు. ఇది తాలూకాలో అందరికీ తెలిసిన సంగతి. తెలిసి కూడా దస్తగిరి బొమ్మ ఇచ్చాడు. పెద్ద కవరు తానే తెచ్చి, దాని మీద చిరునామా తానే రాశాడు. బోర్డు రాసినట్టు, నిండు అక్షరాలతో.

బస్టాండుకు పోయాను. డ్రైవరు చెయ్యి చాపాడు. వ్యాసం ఉన్న చిన్న కవరు ఇచ్చాను. పెద్దది చేతిలోనే ఉంది. “అది?” అన్నాడు. “ఇది కాదులే” అన్నాను.

ఆ క్షణంలో నేను దొంగనా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో. ఇంజను పక్కన పడేస్తాడు, మడతపడుతుంది, నూనె మరకలవుతాయి, రేపు స్టూడియోలో ఫొటో తీయించి ఆ ఫొటో పంపుదాం అనుకున్నాను. అబద్ధం కాదు, అట్లాగే అనుకున్నాను. ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను. మరుసటి రోజు వేరే వార్త పడింది. ఆ మరుసటి రోజు బొమ్మ బల్ల మీది నుంచి గోడ మీదికి పోయింది. ఎవరిచ్చారని నా భార్య అడిగింది. “ఇచ్చినారులే” అన్నాను. “అట్లాంటి మనిషిని ఒకసారి పిల్చి అన్నం పెట్టాల” అంది. ఏళ్లపాటు అంటూనే ఉంది.

వ్యాసం వచ్చింది. కింద ప్రకటన పడి చివరి పేరాలు ఎగిరిపోయాయి. పత్తికాయ గురించి రాసింది ఆ చివరి పేరాల్లోనే. మిగిలింది ‘అపురూప కళాసంపద’ అనే మాట ఒక్కటే. దస్తగిరి పేపరు పట్టుకుని వచ్చాడు. బొమ్మ ఏదన్నాడు. వేయలేదన్నాను. మరి కాగితమేదన్నాడు. ‘కర్నూలు నుంచి రావాల’ అన్నాను.

అది ఆయనతో ఆడిన మొదటి అబద్ధం. ఎంత తేలిగ్గా వచ్చింది! తాలూకా అంతా నమ్మే అబద్ధం నాకు ముందే తయారుగా ఉంది. నేను చేసిందల్లా దాన్ని వాడుకోవడమే.

కొన్నాళ్లకు ‘పోయిందంట’ అన్నాను. ఆయన నన్ను అనుమానించలేదు, బస్సును అనుమానించాడు. ఆదోని నుంచి కర్నూలు పోయే బస్సు యెమ్మిగనూరు మీదుగానే పోతుంది. “మా ఊర్లో నుంచే పోయింది కదా సార్, నా ఇంటి ముందర్నుంచే పోయింది” అన్నాడు. పని లేని పూటల్లా యెమ్మిగనూరు బస్టాండులో నిలబడి, ఆదోని నుంచి వచ్చిన ప్రతి బస్సు డ్రైవరునూ పెద్ద కవరు గురించి అడిగేవాడు. డ్రైవర్లకు అదొక వేడుకైంది. “బొమ్మల సాబు వచ్చినాడు, సీటు కింద సూడ్రప్పా” అని అరిచేవారట. నాకు ఈ మాట ఒక కండక్టరే చెప్పాడు, నవ్వుతూ. నేనూ నవ్వాను. నవ్వి, ఇంటికి పోయి, తలుపు వేసి, బొమ్మ చూశాను.

ఎందుకు ఇచ్చేయలేదు? ఇష్టం అని చెప్పుకున్నాను. ఆయనకు మళ్లీ వేయగల చెయ్యి ఉంది, నాకు చూసే కళ్లు మాత్రమే ఉన్నాయని చెప్పుకున్నాను. ఇష్టం అనే మాట దొంగతనానికి ఎంత మర్యాద తెచ్చిపెడుతుంది! దాని అడుగున ఇంకోటి ఉండేది. అంత వాగే మనిషి అంత మౌనమైన బొమ్మ ఎట్లా వేశాడన్న కుళ్లు. రోజూ రాసి కూడా నేను ఒక్కసారీ ఒక్క చోటును అట్లా వదిలేయలేకపోయానన్న కుళ్లు. మాట వికారంగా ఉంది. ఉండనీ.

ఇక్కడితో ఆగి ఉంటే నేను బొమ్మ దొంగను మాత్రమే.

ఒక వానాకాలం కమాను నానిపోయి, పూలపని పెళ్లలు పెళ్లలుగా రాలిపోయింది. సరాయి కమిటీవాళ్లు బాగుచేయాలనుకున్నారు. దస్తగిరి ఉరికొచ్చాడు. తాను దగ్గరుండి చేయిస్తానన్నాడు, ఉన్నది ఉన్నట్టు, నడిమధ్య పత్తికాయతో సహా. బొమ్మ చూపించమన్నారు. పేపరువాళ్లు పోగొట్టినారన్నాడు. బొమ్మ లేకుండా ఎట్లా అన్నారు. మేస్త్రీ దగ్గర సిమెంటు పోత అచ్చులున్నాయి, అందులో గులాబీ ఉంది. పని సులువు. దస్తగిరి గేటు ముందర నిలబడి కొట్లాడాడు. గులాబీ కాదు, పత్తి అని. నమ్మకపోతే రిపోర్టరు సారును అడగండి, ఆ సారు కళ్లారా చూసినాడు అని.

అడిగారు. కమిటీ కార్యదర్శి నన్ను రోడ్డు మీదే ఆపాడు. “ఏం సార్, ఆ యెమ్మిగనూరాయప్ప ఒకటే గలాటా. అది పత్తికాయంటాడు. నువ్వు సూసినావంట, నిజమేనా?”

ఔనంటే సరిపోయేది. ఒక్క మాట. కానీ ఔనంటే తర్వాతి మాట, అయితే కర్నూలు ఆఫీసులో వెతికిద్దాం పద, అని ఉంటుందని నాకు తెలుసు. ఆయనకు ఆఫీసులో తెలిసినవాళ్లున్నారు. వెతికితే కవరు అసలు రానేలేదని తేలుతుంది. ఆ కవరు నా బీరువా మీద ఉంది, దస్తగిరి అక్షరాలతో.

“సరిగ్గా గుర్తులేదు. గులాబీ మాదిరే ఉండె” అన్నాను.

పని అయిపోయింది. సిమెంటు గులాబీకి గులాబీరంగు ఎనామిల్ కొట్టారు. ప్రారంభం రోజు నేనే వార్త రాశాను. ‘పూర్వం ఉన్న గులాబీనే యథాతథంగా తీర్చిదిద్దారు’ అని. ఆ వాక్యం రాయమని ఎవరూ అడగలేదు. రాయకపోయినా వార్తకు లోటు లేదు. కానీ రోడ్డు మీద అన్న మాట అచ్చులో ఉంటే గట్టిపడుతుందనుకున్నాను. ఈసారి ఒక్క పేరా కూడా ఎగిరిపోలేదు.

ఆ వార్త చూసి దస్తగిరి నేనున్న చోటికే వచ్చాడు. విలేకరులం కూర్చునే టీ హోటలు అది. పేపరు ముక్క మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కొట్లాటకు వచ్చాడనుకున్నాను. కొట్లాడి ఉంటే బాగుండేది. చాలాసేపు టీ గ్లాసును బల్ల మీద తిప్పుతూ కూర్చున్నాడు. ఆయన మాట్లాడకుండా కూర్చోగా నేను చూసింది అప్పుడే.

“సార్, ఒక మాట అడుగుతా. నిజం సెప్పాల.”

“అడుగు.”

“నేను నడిమద్దె వొదిలేసింది ఉంది కదా. ఆ తెల్లసోటు. మీరు సూసినప్పుడు మీకు గులాబీ కనపడెనా?”

“నాకట్లే అనిపించింది దస్తగిరీ.”

“పత్తి కాదా?”

“పత్తి మాదిరి కూడా ఉండె. ఎవురు సెప్పగలరు, అంత సున్నం కింద.”

“నేను సున్నం గీరినా కదా సార్.”

ఆయన గ్లాసు వంక చూశాడు, తర్వాత తన చేతుల వంక. ఆ తర్వాత నవ్వాడు. ఆ నవ్వు నిజమైనదే, అదే నాకు భరించరానిదైంది.

“అట్లయితే నా కండ్లే నన్ను మోసం సేసినాయి సార్. దుప్పట్లకు గళ్లు లెక్కబెట్టీ బెట్టీ ఆడుండేది ఈడ కనపడ్య. నేనే అందరితో గలాటా పెట్టుకుంటి. మీరు రాసింది మంచిదాయె. ల్యాకుంటే ఇంగా కొట్లాడుతుంటి.”

టీకి డబ్బులు నన్ను ఇవ్వనీయలేదు.

తర్వాత జరిగినవి నేను విన్నవి. చూడటానికి పోలేదు. ఆ పత్తికాయతో ఆయన ఒక దుప్పటి అంచు గీసి ఉంచాడట, మగ్గం మీదికి ఎక్కడానికి తయారుగా. నేతగాడి దగ్గర నుంచి దాన్ని వెనక్కి తీసుకున్నాడు. “అది తప్పుబొమ్మప్పా, నెయ్యద్దు” అన్నాడట. ఆ తర్వాత వస్తువును చూసి గీయడం మానేశాడు. అచ్చుపుస్తకాల్లోని నమూనాలు చూసి గళ్లలోకి దించేవాడు. ఒకసారి యెమ్మిగనూరు సంతకు పనిమీద పోతే, ఆయన్ను ఎరిగిన నేతగాడొకడు నాతో అన్నాడు: “దస్తగిరన్నకు ఏమో అయింది సార్. ఎర్రదారం సేతిలో పట్టుకోని, ఇది ఎరుపేనా అప్పా అని అడుగుతాండాడు. తమాషాకు అనుకుంటిమి. తమాషాకు కాదు.”

నేను ఆయన బొమ్మ తీసుకున్నాను అనుకుంటూ వచ్చాను అంతదాకా. బొమ్మ కాదు. మనిషి తన కళ్ల మీద తనకున్న నమ్మకాన్ని నేను తీసుకున్నాను. అది గోడకు తగిలించుకోవడానికి వీలుకాదు. తిరిగి ఇవ్వడానికి కూడా వీలవుతుందో లేదో తెలియదు.

ఆ బొమ్మ నాకు అప్పటి నుంచి కుదురుగా కనిపించలేదు. తీగ వెంట పోయే కన్ను నడిమికి రాగానే పక్కకు తిరిగేది. తలుపు తెరిచే ఉంచడం మొదలుపెట్టాను. పారేయాలనుకున్నాను, చేతులు రాలేదు. పాతబజారు దాటి పోవాల్సి వస్తే చుట్టుదారి పట్టేవాణ్ణి. ఆటోవాళ్లు సరాయి గేటును గులాబీ గేటు అనడం మొదలుపెట్టారు. “యాడికి సార్, గులాబీ గేటు కాడికేనా?” అని నన్నే అడుగుతారు. ఊరి నాలుక మీద నా అబద్ధం తిరుగుతూ ఉంటుంది. తప్పనప్పుడు నేనూ దాని మీద ఎక్కి చార్జీ ఇచ్చి దిగుతాను.

ఈమధ్య కార్యదర్శి ఫోను చేశాడు. మనిషి ముసలివాడయ్యాడు కానీ పదవి వదల్లేదు. గేటు పక్కన రాతిపలక పెడుతున్నారట, ఆ గేటు కథ చెప్పేలా. రెండు వాక్యాలు కావాలి. “నీ పాత పేపరు ముక్క నా కాడ ఉంది సార్. యథాతథంగా అని రాసినావు సూడు, ఆ మాట బాగుంది. దాన్నే కొంచెం సాగదీసి రాసియ్యి. రాయి సెక్కేటోడు వచ్చి కూసోనుండాడు.”

ఆ రోజు నిలకడ లేదు. మేకు నుంచి బొమ్మ తీశాను. మళ్లీ తగిలించాను. మళ్లీ తీశాను. మరుసటి పొద్దున అద్దంతో సహా గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకుని యెమ్మిగనూరు బస్సెక్కాను. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఏనాడో పోవలసిన దారిలో బొమ్మ ఇప్పుడు పోతోంది. దారి పొడవునా చెప్పబోయే మాటలు పేర్చుకున్నాను. వార్త రాసేటప్పుడు మొదటి వాక్యం కుదిరితే మిగతావి వస్తాయి. ఆ మొదటి వాక్యం కుదరలేదు.

దస్తగిరి కళ్లకు ఆపరేషన్ అయి నల్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు. కూతురు నూర్జహాన్ దగ్గరే ఉంటున్నాడు. చుట్టుపక్కలవాళ్లు ఇద్దరు ముగ్గురు చేరారు. నన్ను గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని, అందరికీ చూపించాడు.

“నేను సెప్తానే, గులాబీని సూసి పత్తి అని ఊరంతా కొట్లాడితినని. కాపాడిన సారు ఈయప్పే. పేపర్లో రాసి నా నోరు మూయించినాడు.”

వాళ్లు నవ్వారు. ఆ కథ వాళ్లు ఎన్నోసార్లు విన్నారని ఆ నవ్వులోనే తెలిసింది. ఎక్కడ నవ్వాలో వాళ్లకు తెలుసు. తన ఓటమిని ఆయన ఒక తమాషా కథగా మార్చుకుని, దాని మీద ఇన్నేళ్లు నిలబడ్డాడు. ఇప్పుడు నేను సంచి విప్పితే ఆ కథ కూలిపోతుంది. ఏం మిగులుతుంది ఆయనకు? తాను సరిగ్గానే చూశాడన్న సంగతి, ఇన్నేళ్లు తనను తాను తప్పనుకుంటూ బతికాడన్న సంగతి, రెండూ కలిసి ఒక్కసారిగా. ఇది ఆయన మీద జాలితో అనుకున్నానా, నా మీద జాలితోనా? అప్పుడు ఆయన మీద అనుకున్నాను. నా మీదేనని బస్సులో తిరిగొచ్చేటప్పుడు తెలిసింది.

నూర్జహాన్ టీ గ్లాసు తీసుకుంటూ సంచి వంక చూసింది. “ఏముంది సార్ అండ్ల?”

“అద్దమమ్మా. ఇంటికి తీస్కపోతాండా.”

ఆ వయసులో, ఆ ఇంట్లో, ఆ మనిషి ఎదురుగా, అంత నున్నగా వచ్చింది మాట.

అందుకే ఇది రాస్తున్నాను. ముందు ఆయనకు చెప్పి తర్వాత రాయాలి, అది పద్ధతి. నా విషయంలో ఆ పద్ధతి పనిచేయదని చూశాను. ఎదురుగా మనిషి ఉంటే నాకు అబద్ధం దొరుకుతుంది. కాగితం మీద రాసి పంపేస్తే ఇక వెనక్కి లాక్కోలేను, డ్రైవరు చేతికి ఇచ్చేసిన కవరులాగా. ఇది అచ్చయి ఆయన చెవిన పడేలోపు నేను యెమ్మిగనూరు పోయి తీరాలి. లేకపోతే ఎవరో చదివి వినిపిస్తారు. ఆ మాట ఇంకొకరి నోట వినాల్సిన గతి ఆయనకు పట్టించకూడదు. అంతమాత్రం మిగిలింది నాకు.

నిన్న రాత్రి నా భార్యకు అంతా చెప్పేశాను. పొద్దున ఆమె, “ఆ మనిషికి అన్నం పెట్టాలంటిని. ఇంగ ఏ మొగం పెట్టుకోని పిలుస్తావు?” అంది. బొమ్మ తీసిన చోట గోడ మీద తెల్లటి చదరం ఉంది. చుట్టూ గోడ మాసిపోయింది.

ఆయన క్షమిస్తాడని కాదు. క్షమించమని అడగాలో లేదో కూడా తెలియదు. అడిగితే అది కూడా ఆయన దగ్గర ఒకటి తీసుకోవడమే అవుతుంది. బొమ్మ ఇస్తాను. కవరు కూడా ఇస్తాను. అనాల్సింది అంటాడు. ఆ కళ్లకు బొమ్మ సరిగ్గా కనిపిస్తుందో లేదో. కనిపించకపోతే, నడిమధ్య ఏముందో చెప్పమని నన్నే అడుగుతాడు. ఈసారి చెప్పాలి.

పత్రికలో పనిచేసినంతకాలం నేను ఒక్క సవరణ కూడా పంపలేదు. తప్పు దొర్లితే మరుసటి రోజు వార్తలో కలిపేసి దాటించడం నేర్చుకున్నాను. కార్యదర్శి అడిగిన రెండు వాక్యాలు ఇందాకే రాసి పంపాను. చదివినట్టున్నాడు, ఫోను మోగుతోంది. తీయలేదు. రాయి మీద చెక్కిస్తాడో, చింపి పారేస్తాడో ఆయన ఇష్టం. చెక్కకపోయినా ఇక్కడ ఉంటాయి.

ఈ గేటు కమాను మీద మొదట ఉండినది గులాబీ కాదు, పగిలిన పత్తికాయ. సున్నం గీరి చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పినవాడు యెమ్మిగనూరు దస్తగిరి.